ఎనభై నంబరు ఉప్పు కాగితం

పంతులమ్మ ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలవడం మానేసి రెండేళ్లు దాటింది. "ఏయ్ పాలిష్, ఆ తలుపు వెయ్యి, పొడంతా ఇంట్లోకొస్తోంది" అంటుంది. కొత్తవాళ్లెవరైనా వచ్చి ఈ అమ్మాయెవరని అడిగితే, "మా కోడలి చెల్లెలు. కింద చెక్కలు రుద్దుతుంది" అని, రెండో మాట కొంచెం సాగదీసి చెబుతుంది. పాలిష్ తల దించుకుని పక్కకు తప్పుకుంటుంది. తప్పుకోవడంలో ఆమెకు చాలా నేర్పు ఉంది. ఇరవై రెండేళ్ల మనిషి ఇంట్లో తిరుగుతున్నట్టే తెలియదు. కానీ ఎవరు ఎక్కడ ఏమన్నారో, ఏ గిన్నె ఎవరు విసురుగా పెట్టారో, అంతా ఆమె దగ్గర భద్రంగా ఉంటుంది.

ఇల్లు పైన, పని కింద. కింది గదిలో బావ బీరువాలు, కుర్చీలు, మంచాలు చేస్తాడు. చెక్క కోసి, చిత్రిక పట్టి, అతకడం వరకు ఆయన పని. ఆ తర్వాతదంతా పాలిష్‌ది. ఉప్పు కాగితం పెట్టి రుద్దడం, తుడవడం, పాలిష్ పట్టించడం, ఆరాక మళ్లీ రుద్దడం. ఉప్పు కాగితాలకు వెనక నంబర్లుంటాయి. ఎనభై నంబరుది ముళ్లకంపలా ఉంటుంది, రంపం గాట్లను కూడా తినేస్తుంది. నూట ఇరవై, నూట ఎనభై, రెండు వందల ఇరవై, అలా నంబరు పెరిగేకొద్దీ కాగితం మెత్తబడుతుంది. నాలుగు వందల నంబరుతో రుద్దాక చెక్క మీద చెంప ఆనించి పడుకోవచ్చు.

ఈ వరస ఆమెకు పదకొండేళ్లప్పుడే వేళ్లకు ఎక్కింది. తండ్రి కూడా పాలిష్ మనిషే. పొడి పీల్చి పీల్చి ఆయన మంచాన పడితే, ఆరో తరగతి సగంలో పుస్తకాలు కట్టిపెట్టి ఆయన గుడ్డ ఈమె పట్టుకుంది. ఆయన పోయాక ఇంకెవరూ లేక, చేతిలో ఆ పని పెట్టుకుని అక్క ఇంటికి వచ్చింది.

అక్కది ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట షిఫ్టుల ఉద్యోగం. ఇంట్లో ఉండేది నిద్రపోవడానికే. బావ మంచివాడు. కాకపోతే తల్లి ఎదురుగా ఉంటే ఆయన నోట్లో మేకులు పెట్టుకున్నట్టే ఉంటుంది. నిజంగానే సగం రోజు నోట్లో మేకులుంటాయి కాబట్టి ఎవరికీ తేడా తెలియదు.

అక్క కూతురు గువ్వ. నాలుగున్నరేళ్లది. పంతులమ్మ ముప్పై ఒక్క ఏళ్లు ఒకటో తరగతి చెప్పి రిటైరైన మనిషి. మూడున్నరేళ్లు నిండగానే మనవరాలిని చెయ్యి పట్టుకు తీసుకెళ్లి, తను పని చేసిన వీధి చివరి స్కూల్లోనే నర్సరీలో కూర్చోబెట్టింది. అక్కడి టీచరు పేరడిగితే గువ్వ చెప్పలేదు. మూడు రోజులు అడిగినా చెప్పలేదు. నాలుగో రోజు బెంచీ ఎక్కించి, పేరు చెప్పేదాకా దిగొద్దన్నారు. సాయంత్రం బడి వదిలేదాకా పిల్ల బెంచీ మీదే ఉంది. తడిసిన గౌనుతో ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచి నర్సరీలోనే కాదు, ఇంట్లోనూ మాట ఆగిపోయింది. దాహమేస్తే గ్లాసు చూపించేది.

అక్క ఏడ్చి, గోల చేసి, చదువుల ఆఫీసు చుట్టూ తిరిగి, పిల్లకు ఇంట్లోనే చదువు చెప్పుకునేందుకు అనుమతి తెచ్చింది. "ఇంకేం, చెప్పడానికి నేనున్నానుగా" అని పంతులమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. గువ్వ కిందికి పరిగెత్తి పాలిష్ పట్టే బల్ల కింద దూరింది. రోజూ అంతే. పైన కుర్చీ జరిగిన చప్పుడైతే చాలు, పిల్ల బల్ల కింద ఉండేది.

పాలిష్ ఆ పిల్లను బయటికి రమ్మని ఎప్పుడూ అనలేదు. ఎవరినైనా ఏమైనా అనడం ఆమెకు ఎప్పుడూ చివరి పనే. ఒకరోజు పిల్ల చెయ్యి చాపి, నేల మీద పడి ఉన్న కాగితం ముక్కను తడిమింది. చటుక్కున వేలు లాక్కుంది. మళ్లీ తడిమింది. పాలిష్ మెత్తటి ముక్క ఒకటి దాని పక్కన పడేసి, తన పని తను చేసుకుంటూ పోయింది. ఆ సాయంత్రానికి ఆరు నంబర్ల ముక్కలూ బల్ల కిందికి చేరాయి. మూడో వారంలో బల్ల కింద నుంచి వినిపించింది.

"ఇది గుచ్చుతోంది పిన్నీ."

ఐదు నెలల తర్వాత మొదటి మాట. పాలిష్ చేతిలో గుడ్డ ఆగలేదు. ఆగితే పిల్ల బెదురుతుందని ఆమెకు తెలుసు. "ఊఁ, గుచ్చుతుంది. అది ఎనభై" అంది, కుర్చీ కాలును రుద్దుతూనే.

పైన వెనకగదిలో చదువు అలా మొదలైంది. పాలిష్ ఆరు చెక్కముక్కల మీద ఆరు రకాల కాగితాలు అతికించి, వెనక పెన్సిలుతో నంబర్లు వేసింది. గువ్వ కళ్లకు గుడ్డ కట్టించుకుని, వేలితో తడిమి, మెత్తటి దగ్గర్నుంచి గరుకు దాకా పేర్చి, గుడ్డ తీసి వెనక నంబర్లు చదివేది. ఒకే రకం డబ్బాలు మూడు. ఒకదాన్లో మేకులు, ఒకదాన్లో బియ్యం, ఒకదాన్లో రంపపు పొట్టు. ఊపి, విని, చెప్పాలి. చిన్న గుడ్డ సంచుల్లో నాలుగు రకాల చెక్క పీలికలు. వాసన చూసి ఏ చెక్కో చెప్పాలి. పళ్లెంలో పలచగా పరిచిన పొట్టులో వేలితో అక్షరాలు రాయాలి. తప్పు రాస్తే పళ్లెం ఊపితే చాలు, తప్పు ఉండేది కాదు. ఇవేవీ ఏ పుస్తకంలోనూ చూసి చేసినవి కావు. తనకు పని ఎలా వచ్చిందో పిల్లకు చదువు అలాగే వస్తుందనుకుంది.

పంతులమ్మకు ఆ గది వైపు చూస్తేనే ఒళ్లు మండేది. ఒకరోజు పాలిష్ పైకి వచ్చేసరికి పళ్లెం తోమి బోర్లించి ఉంది. సంచులు ఉతికి తీగ మీద ఆరేసి ఉన్నాయి.

"వీటిలో చెక్క పీలికలు ఉండాలి అత్తయ్యగారూ."

"చెత్తబుట్టలో ఉన్నాయి. చెత్త అక్కడేగా ఉండాల్సింది."

"అది గువ్వ చదువండీ."

"పొట్టులో గీరడం కోళ్లకీ వచ్చు. వాటినెవరూ చదువుకున్నాయనరు."

"ఇప్పుడు మాట్లాడుతోంది కదండీ."

"నీతో మాట్లాడుతోంది. నీతో మాట్లాడితే ఎంత, మాట్లాడకపోతే ఎంత? బయటి మనిషి ఒక్కరు అడగనీ, నీ వెనక నక్కుతుంది. చివరికి నీలాగే తయారవుతుంది. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే గోడకి అతుక్కుపోయే రకం."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. పాలిష్ చెత్తబుట్టను పంతులమ్మ కాళ్ల దగ్గర, అప్పుడే తుడిచిన నేల మీద బోర్లించి, కూరగాయల తొక్కల మధ్య నుంచి చెక్క పీలికలు ఒక్కొక్కటే ఏరుకుంది. కిందికి వెళ్లి తాళం తెచ్చి వెనకగదికి వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది.

"నా కొడుకు ఇంట్లో నాకు తాళం వేస్తుందిరా ఇది" అని పంతులమ్మ మెట్ల మీద నుంచి అరిచింది. బావ సగం మెట్లెక్కి, తల్లిని, మరదలిని, నేల మీది తొక్కలను చూసి, నోట్లో మేకులు చూపించి కిందికి దిగిపోయాడు.

ఆఫీసు నుంచి ఆరు నెలలకోసారి ఒకామె వచ్చి పిల్లను చూసి వెళ్తుంది. మొదటిసారి గువ్వ బల్ల కింద నుంచి రానేలేదు. ఆమె వంగి కాసేపు పిలిచి, "మాట లేదు" అని రాసుకుని పోయింది. రెండోసారి కూడా అదే రాస్తే అనుమతి రద్దు. సోమవారం నుంచి మళ్లీ వీధి చివరి స్కూలు, మళ్లీ అదే నర్సరీ, అదే బెంచీ.

ఆమె రెండోసారి వచ్చే రోజుకి అక్క సెలవడిగితే ఇవ్వలేదు. చెప్పులేసుకుంటూ చెల్లెలి వైపు చూసింది. "ఒక్క మాటే. దాని నోటి నుంచి ఆ ఆఫీసావిడ ముందు ఒక్క మాట వస్తే చాలు. ఎలాగైనా చూడవే."

"అత్తయ్యగారు ఉంటారుగా పక్కన."

"ఉండకుండా నేను ఆపగలనా? ఆవిడ ఇల్లు."

పంతులమ్మ ఆ ఉదయం ఇస్త్రీ చీర కట్టి, కళ్లజోడు తుడుచుకుని, ఎనిమిదింటికే ముందుగదిలో కూర్చుంది. వచ్చినామె పొట్టిగా, అలసటగా ఉంది. అప్పటికే ఆ రోజు రెండిళ్లు చూసి వచ్చిందట. మెట్లెక్కినందుకు ఆయాసపడుతూ కూర్చుంది.

"రండమ్మా. నేనూ ముప్పై ఒక్క ఏళ్లు మీ పనిలోనే ఉన్నాను. మీ అవస్థ నాకు తెలుసు" అంటూ పంతులమ్మ టీ అందించింది. పాలిష్ గోడ పక్కన నిలబడింది. అతుక్కోకుండా, జానెడు ఎడంగా నిలబడాలని చూసింది.

వెనకగదిలో చిన్న బల్ల దగ్గర గువ్వ కూర్చుంది. ఈసారి బల్ల కిందికి దూరలేదు. ఆఫీసామె ఎదురుగా కూర్చుని, "పిల్లకు ఎవరూ జవాబులు అందివ్వకూడదు" అని పెద్దవాళ్లిద్దరికీ చెప్పి, కాగితం తీసింది.

"నీ పేరేంటమ్మా?"

లోకంలో ఇన్ని ప్రశ్నలుండగా అదే అడగాలా అనుకుంది పాలిష్. గువ్వ పెదవులు లోపలికి పోయాయి. ఆఫీసామె కొంచెం ఆగి బొమ్మలు చూపించింది. ఇదేంటి, అదేంటి అని అడిగింది. పిల్ల చూసింది, వేలు పెట్టింది, నోరు విప్పలేదు. పంతులమ్మ నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు గదంతా వినిపించేలా వదలడం ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం.

ఆఫీసామె చూపు చెక్కముక్కల మీద పడింది. ఒకటి తిప్పి చూసింది. "ఇవి నీవేనా? ఈ అంకెలు తెలుసా?"

గువ్వ తలూపింది.

"అయితే వీటిని చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా పేర్చు చూద్దాం."

పిల్ల ముఖంలో వెలుగొచ్చింది. ఇది తెలిసిన పని. ఒక్కో ముక్కనూ వేలితో తడిమి, నంబరు చూసి, జాగ్రత్తగా వరసలో పెట్టింది. మొదట నాలుగు వందలు. తర్వాత మూడు వందల ఇరవై. అలా దిగుతూ దిగుతూ చివర్న ఎనభై. పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, బాగా చేశాను కదా అన్నట్టు కూర్చుంది.

ఎక్కడ తేడా వచ్చిందో పాలిష్‌కి వెంటనే తెలిసింది. తప్పు తనదే. కింది గదిలో నంబరు పెరిగేకొద్దీ కాగితం బలం తగ్గుతుంది. ఎనభై అంటే అన్నిటికంటే మొరటుది, పెద్ద పని చేసేది. నాలుగు వందలు అన్నిటికంటే నాజూకుది, చివర్లో తుడిచిపోయేది. పిల్లకు అంకెలంటే అవే. లెక్కపెట్టడానికి కూడా అంకెలుంటాయని, వాటి వరస వేరని తను ఒక్కరోజు చెప్పలేదు. చెప్పాలని కూడా తట్టలేదు. ఆరో తరగతి సగం దాకా చదివింది, ఆ తర్వాత అంకెలన్నీ ఆమెకూ కాగితాల వెనకే కనిపించాయి.

"చూశారుగా" అని పంతులమ్మ లేచింది. "నాలుగు వందలు చిన్నదట, ఎనభై పెద్దదట. వేలమంది పిల్లల్ని చూశాను గానీ ఇలాంటి లెక్క ఎక్కడా చూడలేదు. ఏం నేర్పావే దీనికి? ఇదండీ ఆర్నెల్లుగా తాళం వేసుకుని చేస్తున్న చదువు. మాట్లాడని పిల్లని పొట్టులో పొర్లించి, ఉన్న తెలివి కూడా తీసేసింది. నా మాట విని ఆ రోజే..."

ఆఫీసామె పెన్ను కాగితం మీద ఆనించింది. పంతులమ్మ మాటల కింద, చీమ పాకినంత చప్పుడులో ఏదో వినిపించింది. గువ్వ పెదవులు కదిలాయి. ఆఫీసామె గానీ పంతులమ్మ గానీ చూడలేదు. పాలిష్ చూసింది.

"మీరు నోరు ముయ్యండి."

ఆ మాట ఎవరన్నారో తెలియక పంతులమ్మ చుట్టూ చూసింది. ఆ గొంతు ఆ ఇంట్లో అంత పైకి ఎప్పుడూ లేవలేదు.

"నన్నేనా?"

"మిమ్మల్నే. అది మాట్లాడుతోంది. మీ గోలలో వినబడట్లేదు."

ఆఫీసామె పిల్ల వైపు వంగింది. "ఏమన్నావమ్మా?" గువ్వ మళ్లీ పెదవులు లోపలికి పెట్టేసుకుంది. పాలిష్ గోడ పక్కనుంచి బల్ల దగ్గరికి వచ్చింది.

"నేను అందివ్వనండీ. మీరు ఒకసారి కళ్లు మూసుకుని వేలు పెట్టి చూడండి. అంతే."

"నేనా?"

"మీరే. దయచేసి."

ఆఫీసామె విసుగ్గా చూసి, ఏమనుకుందో, కళ్లజోడు తీసి కళ్లు మూసుకుంది. చెయ్యి చాపింది. గాలిలో వెతుకుతున్న ఆ వేలిని గువ్వ చూసింది. తన చేత్తో పట్టుకుని, వరసలో మొదటి ముక్క మీద రుద్దింది. తర్వాత చివరి ముక్క మీద పెట్టి రుద్దింది. ఆఫీసామె "అబ్బ" అని వేలు వెనక్కి తీసుకుంది.

"ఇది ఎక్కువ గీరుతుంది" అంది గువ్వ. గొంతు సన్నగా ఉన్నా మాట స్పష్టంగా ఉంది. "అందుకే చివర పెట్టాను. అది ఊరికే తుడుస్తుంది. గీరలేదు. అది చిన్నది."

ఆఫీసామె కళ్లు తెరిచి, పిల్లను, వేలిని, ఆరు ముక్కలను చూసింది. "నంబరు చిన్నదైతే గరుకు ఎక్కువా?" అని పాలిష్‌ను అడిగింది.

"అవునండీ. మా పనిలో అంతే. తప్పు నాదండీ, దానిది కాదు."

ఆఫీసామె చాలాసేపు రాసింది. రాశాక తలెత్తింది. "మాట ఉంది. కారణం చెప్పగలుగుతోంది. అంకెల వరస తప్పు. వరస తప్పయినా ఎందుకలా పెట్టిందో చెప్పిన పిల్లలు నాకు తక్కువే కనబడ్డారు. మూడు నెలలు పొడిగిస్తాను. కానీ లెక్కలు లెక్కల్లా చెప్పేవాళ్లు ఇంట్లో ఉండాలి, వాళ్ల సంతకం కావాలి." ఆమె పంతులమ్మ వైపు కాగితం తిప్పింది. "మీరు ఉన్నారు కదా."

"నేను పెట్టను" అంది పంతులమ్మ. ముఖం ఎర్రబడింది. "నన్ను నోరు ముయ్యమన్న మనిషి పక్కన కూర్చుని నేను చెప్పాలా? పిల్లని సోమవారం స్కూలుకి పంపండి. అదే దారి."

"సంతకం లేకపోతే నేను రద్దని రాయాలి. మీకు తెలియనిదేముంది." ఆఫీసామె పొడి అంటిన చేతులు చూసుకుంది. "చేతులు కడుక్కుని వస్తాను. ఈలోగా ఆలోచించుకోండి."

ఆమె బయటికి వెళ్లింది. కుళాయి చప్పుడు వినిపించింది. పాలిష్ పిల్లకు మేకుల డబ్బా ఇచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టి వచ్చింది. పంతులమ్మ చెవి దగ్గర, ఎప్పటి చిన్న గొంతుతో, మెల్లగా మొదలుపెట్టింది.

"బెంచీ ఎక్కించమని టీచరుకి చెప్పింది ఎవరో బావకి తెలియదు."

"ఏంటి?"

"మూడో రోజు సాయంత్రం గేటు దగ్గర మీరే అన్నారు. మొండిది, ఒక పూట బెంచీ ఎక్కిస్తే దారికొస్తుంది, నేను అందర్నీ అలాగే తెచ్చేదాన్ని అని. నేను పిల్లని తీసుకురావడానికి వచ్చి ఇవతల నుంచున్నాను. మీరు చూడలేదు. నన్ను ఎవరూ చూడరు కదండీ."

పంతులమ్మ కళ్లజోడు సర్దుకుంది. రెండుసార్లు సర్దుకుంది. "దాని మంచికే అన్నాను."

"మీ అబ్బాయికి అదే చెప్పండి. అక్కకి కూడా. టీచరునేగా ఏడాదిగా తిట్టుకుంటున్నారు వాళ్లు."

"బెదిరిస్తున్నావా?"

"అవునండీ."

కుళాయి ఆగింది. అడుగులు దగ్గరికొస్తున్నాయి. పంతులమ్మ ఆ అమ్మాయిని మొదటిసారి చూస్తున్నట్టు పై నుంచి కింది దాకా చూసింది. ఆ చూపులో కోపం ఏమీ తగ్గలేదు. పెన్ను తీసుకుని, గుండ్రటి, అందమైన అక్షరాలతో, కాగితం చిరిగేంత నొక్కి సంతకం పెట్టింది.

ఆఫీసామె కాగితం తీసుకుని వెళ్లిపోయింది. సాయంత్రం అక్క వచ్చి సంగతి విని గువ్వను ఎత్తుకుని ఏడ్చింది. "అత్తయ్య సంతకం పెట్టారా?" అని పదిసార్లు అడిగింది. పాలిష్ "ఊఁ" అంది. అంతకుమించి చెప్పలేదు. చెబితే చేతిలో ఉన్నది పోతుంది, మూడు నెలల తర్వాత మళ్లీ అవసరం పడొచ్చు. అలా అనుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది. అయినా చెప్పలేదు.

మర్నాడు తొమ్మిదింటికి పంతులమ్మ వెనకగదిలోకి వచ్చింది. కుర్చీ లాక్కుని బల్లకు ఒకవైపు కూర్చుంది. పాలిష్ రెండోవైపు కూర్చుంది. మధ్యలో గువ్వ.

"నువ్వెందుకు ఇక్కడ?"

"నేను కూడా నేర్చుకుంటానండీ. నాకూ రాదని నిన్న తేలిందిగా."

పంతులమ్మ పళ్లు బిగించి, దోసెడు బటన్లు బల్ల మీద పోసింది. మూడు ఒకవైపు, ఏడు ఒకవైపు పెట్టింది. "ఎక్కడ ఎక్కువున్నాయి? చెప్పు."

గువ్వ చెప్పలేదు. బటన్లను తడిమింది. ఒకటి తీసి అంచు చుట్టూ వేలు తిప్పింది.

"ఆడుకోవడానికి కాదు ఇచ్చింది. ఎక్కడ ఎక్కువున్నాయి?"

పిల్ల పెదవులు లోపలికి పోయాయి. పంతులమ్మ చెయ్యి బల్ల మీద చరచడానికి లేచింది. పాలిష్ ఆ చేతినే చూస్తూ కూర్చుంది. చెయ్యి గాలిలో కాసేపు ఆగి, మెల్లగా ఒళ్లోకి దిగింది.

"మాట్లాడమని చెప్పు దానికి" అంది పంతులమ్మ.

"చెప్పను."

"మరి ఎంతసేపు ఇలా?"

"మొదటిసారి మూడు వారాలు పట్టింది నాకు."

గువ్వ ఏడు బటన్లలో ఒకదాన్ని మూడింటి వైపు జరిపింది, మళ్లీ వెనక్కి తెచ్చింది. కింద బావ రంపం కోత మొదలైంది. ఒక పిల్ల కోసం నోరు మూసుకుని ఎదురుచూడడం పంతులమ్మ ముప్పై ఒక్క ఏళ్లలో ఎప్పుడూ చెయ్యని పని. ఎదురుగా ఉన్న అమ్మాయిని కాల్చేసేలా చూస్తూ, కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది.